గెడ్డను (వాగును) డ్రైనేజీ అని రాయకండి: ముసాయిదా ప్లాన్‌పై జనాభిప్రాయం సేకరించే యువతకు

ఊళ్లో ఏ స్థలం దేనికి వాడాలో, రోడ్లు ఎక్కడ పోవాలో చెప్పే మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటికొచ్చిందంటే ముందు చూడాల్సింది మ్యాపు కాదు, నోటీసులో అభ్యంతరాలకు ఇచ్చిన ఆఖరు తేదీ. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చివరి 5 రోజులు జనం మాటలు రాసుకున్న చీటీలు సరిచూసి సమర్పించడానికి, మొదటి 3 రోజులు జట్టంతా ప్లాన్ చదువుకోవడానికి పక్కన పెట్టాలి. జనంతో మాట్లాడటానికి మిగిలేది మధ్య రోజులే. యూరోపియన్ యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్ అయితే తన విధానాల మీద అభిప్రాయాలకు మామూలుగా 12 వారాలిస్తుంది, 24 అధికార భాషల్లో దేనిలో రాసినా తీసుకుంటుంది. గడువు తక్కువైతే వార్డులు తగ్గించుకోండి గానీ ఒక్కొక్కరికీ ఇచ్చే సమయం తగ్గించకండి.

12 మంది ఉంటే 6 జతలు. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. రెండూ ఒకరే చేస్తే కళ్లు కాగితం మీదే ఉంటాయి, ఎదుటివారు రెండు ముక్కల్లో ముగించేస్తారు. ఇంట్లో ఆడవాళ్లను అడిగితే మగవాళ్లు జవాబు చెప్పడం మొదలెడతారు. అప్పుడు జతలో ఒకరు ఆయన్ను పక్కకు తీసుకెళ్లి ఆయన మాట విడిగా రాసుకోవాలి.

విజయనగరంలో ఉదయం రైతుబజారు, సాయంత్రం పెద్దచెరువు గట్టు అనువైన చోట్లు. గంటస్తంభం దగ్గర నిలబడి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, అక్కడ కరపత్రంతో సరిపెట్టండి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లూ ఆటోవాళ్లూ దొరకాలంటే రాత్రి 7 దాటాక వాళ్ల వీధికే వెళ్లాలి. సిరిమానోత్సవం ముందూ వెనకా రోజులు వదిలేయండి.

“మేం వాలంటీర్లం” అని మాత్రం అనొద్దు. 2019 నుంచి 2024 దాకా ఇంటింటికీ పింఛను తెచ్చింది ప్రభుత్వ వాలంటీర్లే కాబట్టి, ఆ మాటంటే ఇక్కడ వాళ్లే అనుకుంటారు. వెంటనే రేషన్‌కార్డు పట్టుకొస్తారు, లేకపోతే ఏం చెబితే ఏం పోతుందోనని జంకుతారు. “అమ్మా, మేం కాలేజీ పిల్లలం. పథకం పని మీద రాలేదు. మీ వీధికి ప్లాన్‌లో ఏం గీశారో చూపించి, మీ మాట రాసుకుంటాం” అంటే చాలు. ఆధార్, ఫోన్ నంబరు అడగొద్దు. పేరు, చిరునామాతో అభ్యంతరం ఇస్తామన్నవారికి వేరే కాగితం ఇవ్వండి.

మ్యాపు ఏ1 సైజుకు (సుమారు 59 x 84 సెం.మీ.) తగ్గకూడదు. నేల మీద పరిచి, మ్యాపులో ఉత్తరం అసలు ఉత్తరం వైపు ఉండేలా తిప్పండి. కోట, చెరువు, రైల్వే స్టేషన్ చూపించి, వాళ్ల ఇల్లు వాళ్లనే వెతకమనండి. ఇల్లు దొరికాకే ప్రశ్న. స్టిక్కర్లు గాలికి ఊడిపోతాయి, కాబట్టి మ్యాపు మీదా చీటీ మీదా ఒకే నంబరు బాల్‌పెన్నుతో వేయండి. జెల్ పెన్ను చినుకు పడితే అలుక్కుపోతుంది.

4 ప్రశ్నలు చాలు. “రోడ్డు వెడల్పు చేస్తే బాగుంటుందా?” అంటే అందరూ ఔననే అంటారు. “ఈ గీత ఇక్కడిదాకా వస్తుంది, ఎవరి గోడ, ఏ కొట్టు ఇందులో పడతాయి?” అంటే అసలు సంగతి బయటికొస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది రాయడంలో. “గెడ్డ పూడిపోనాది బాబూ, వానొస్తే నీల్లు ఇంటిలోకొచ్చెస్తన్నాయి” అని ఒక పెద్దామె అందనుకోండి. దాన్ని “డ్రైనేజీ సమస్య” అని రాస్తే ఆ చీటీ పారిశుద్ధ్యం వాళ్ల దగ్గరికి పోయి అక్కడే ఆగుతుంది. ప్లాన్‌లో గెడ్డ పోయే దారి మ్యాపులో ఇళ్ల స్థలాలకు వేసిన రంగులోనే ఉండిపోతుంది. ఆమె మాట ఆమె యాసలోనే రాసి చదివి వినిపించండి. మీకు తోచింది కాగితం వెనక వైపు రాయండి.

ఒకే అభ్యంతరాన్ని 200 జిరాక్సులు తీసి సంతకాలు పెట్టించడం పెద్ద పొరపాటు. ఒకే మాటలతో కుప్పగా వచ్చిన జవాబులను యూరోపియన్ కమిషన్ ప్రచారంగా గుర్తించి విడిగా లెక్కిస్తుంది. మన దగ్గరా చదివే అధికారికి ఆ 200 ఒక్క కాగితంలాగే కనిపిస్తాయి.

అభ్యంతరాలు రెండు ప్రతులుగా ఆఫీసుకు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ తర్వాత జట్టు విడిపోకూడదు. యూరప్‌లో 2002 నుంచి నడుస్తున్న, నగరాలు ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకునే అర్బాక్ట్ కార్యక్రమంలో చేరిన నగరం స్థానికులూ అధికారులూ కలిసి కూర్చునే బృందాన్ని పెట్టుకుంటుంది. మనకు అలాంటి బృందం లేకపోయినా 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఫలానా నంబరు అభ్యంతరం మీద ఏం నిర్ణయించారో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అది రాగానే అదే వీధికి, అదే వేళకు వెళ్లి చదివి వినిపించండి.