స్కీట్‌లో సస్టెయిన్డ్ లీడ్: నాలుగో స్టేషన్ నుంచి మొదలుపెట్టండి

గొట్టాన్ని క్లే (గాల్లోకి విసిరే గుండ్రటి బిళ్ల, మన లక్ష్యం) వెనకనుంచి తెచ్చి, దాన్ని దాటిస్తూ ట్రిగ్గర్ నొక్కడం స్వింగ్ త్రూ. షాట్‌గన్ పట్టినవాళ్లలో చాలామందికి మొదట అలవాటయ్యేది ఇదే. ట్రాప్‌లో క్లే మనకు దూరంగా పారిపోతుంది కాబట్టి దీనితో బండి నడుస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ కాంస్యం గెలిచింది ట్రాప్‌లోనే. స్కీట్ వేరు. అక్కడ రెండు పక్కలా ఉన్న హౌస్‌ల (క్లే విసిరే గదుల) నుంచి క్లే కళ్లముందు అడ్డంగా దూసుకుపోతుంది. వెనకనుంచి వెంటాడితే ఒకరోజు గొట్టం వేగం ఎక్కువ, ఒకరోజు తక్కువ. స్కోరూ అలాగే ఊగుతుంది. సస్టెయిన్డ్ లీడ్‌లో గొట్టం మొదటినుంచీ క్లే ముందే ఉంటుంది, క్లే వేగంతోనే కదులుతుంది. ఆ ఎడం (లీడ్) చెదరకుండా పేల్చాలి.

ముందు ఆ ఎడం ఎంతో లెక్క చూద్దాం. ఒకటి నుంచి ఏడు దాకా అన్ని స్టేషన్లూ (కాల్చేవారు నిలబడే చోట్లు) మధ్య కర్రకు, అంటే రెండు హౌస్‌ల క్లేలూ దాటే చోట పాతిన గుర్తుకు, 19.2 మీటర్ల దూరంలోనే ఉంటాయి. 24 గ్రాముల తూటాలోని పెల్లెట్లు (చిన్న గుళ్లు) ఆ దూరం చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. ఆలోపు క్లే దాదాపు 1.2 మీటర్లు, అంటే నాలుగడుగులు ముందుకెళ్తుంది. అక్కడ నాలుగడుగులైనా మీ కంటికి మీటరు దూరంలో ఉన్న గొట్టం చివర అది ఆరు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. నాలుగు వేళ్లు దగ్గరగా పెడితే వచ్చే వెడల్పు. పద్ధతి మార్చేవాళ్లు తడబడేది ఇక్కడే. స్వింగ్ త్రూలో గొట్టం క్లే కన్నా వేగంగా పోతుంది, మెదడు ‘నొక్కు’ అన్నాక వేలు నొక్కేలోపు ఎడం దానంతటదే పెరుగుతుంది. అందుకే కంటికి అది దాదాపు కనపడదు. ఇప్పుడు మొత్తం ఎడం కనపడాలి. పాత కన్ను దాన్ని నమ్మదు, ‘మరీ ముందుకు పోయాం’ అనుకుని గొట్టాన్ని ఆపేస్తుంది. దెబ్బ వెనకబడుతుంది.

ఇంట్లో గోడ దగ్గర

తుపాకీ తెరిచి రెండు గొట్టాలూ ఖాళీ అని చూసుకోండి, ఇంకొకరికీ చూపించండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. క్లే వ్యాసం 11 సెం.మీ. 19 మీటర్ల అవతల అది ఎంత కనపడుతుందో, 3 మీటర్ల దూరంలోని గోడ మీద 1.7 సెం.మీ. బిళ్ల అంతే కనపడుతుంది, రూపాయి నాణెం కన్నా చిన్నది. అలాంటి బిళ్ల ఒకటి అంటించి, దానికి 19 సెం.మీ. ముందు పెన్సిల్‌తో సన్నటి గీత గీయండి. చూపు బిళ్ల మీదే ఉంచి, గొట్టం చివర గీత మీదికి వచ్చేలా మౌంట్ చేయండి, అంటే తుపాకీని ఎత్తి భుజానికి ఆనించండి. స్టాక్ (తుపాకీ వెనకభాగం) చెంపకు తగలాలి, చెంప స్టాక్ దగ్గరికి వంగకూడదు. రోజుకు 25 సార్లు చాలు. చేతులు అలిసిపోయాక చేసే మౌంట్లు తప్పునే నేర్పిస్తాయి. చూపు బీడ్ (గొట్టం చివరి చిన్న గుండు) మీదికి జారిందంటే ఆ మౌంట్ లెక్కలోకి రాదు. గోడకూ కప్పుకూ మధ్య గీత వెంట గొట్టాన్ని నడిపిస్తే చేతులతో తిప్పుతున్నారో, నడుముతోనో కూడా తెలిసిపోతుంది. చేతులతో తిప్పేవాళ్ల గొట్టం చివరికొచ్చేసరికి గీత కిందికి దిగిపోతుంది.

రేంజ్‌లో

నాలుగో స్టేషన్, హై హౌస్ (రెండు గదుల్లో ఎత్తైనది) క్లే మాత్రమే. మొదటి పది క్లేలకు తుపాకీ ర్యాక్‌లోనే ఉండనివ్వండి, చూపుడువేలిని క్లే ముందు నడిపించండి. తర్వాతి పదికి ఖాళీ తుపాకీ, అది ఖాళీ అని కోచ్ చూశాకే. ఆ తర్వాతే తూటా, అదీ ఒక్కటే.

పాదాలు క్లే పగలగొట్టాలనుకున్న చోటికి, అంటే మధ్య కర్ర వైపుకు పెట్టండి. నడుము మాత్రం తిప్పి హౌస్ వైపుకు వెనక్కి రండి. క్లే బయటికొచ్చే కిటికీ నుంచి మధ్య కర్రకు 19 మీటర్లుంటే, గొట్టం ఆగాల్సింది అందులో మూడో వంతులో, కిటికీకి ఆరు మీటర్ల పైచిలుకు దూరంలో. క్లే దారికి ఒక వెంట్రుకవాసి కింద. చూపు మాత్రం గొట్టానికీ కిటికీకీ మధ్య, కిటికీకి దగ్గరగా. కిటికీలోకే గుచ్చి చూస్తే క్లే మసక గీతలా దాటిపోతుంది.

ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం బట్ (స్టాక్ వెనక చివర) నడుము దగ్గర, జాకెట్ మీది గీత దాకా దించి నిలబడాలి. పిలిచాక క్లే వెంటనే రావచ్చు, మూడు సెకన్ల దాకా ఆగి రావచ్చు. కిటికీ నుంచి మధ్య కర్ర దాకా క్లేకి పట్టేది ముప్పావు సెకను అటూ ఇటూ. అంత తక్కువ సమయంలో ముందు మౌంట్, తర్వాత స్వింగ్ అని వరసపెడితే కుదరదు. క్లే కనపడగానే గొట్టం చివర కదలాలి, బట్ భుజానికి చేరేసరికి నాలుగు వేళ్ల ఎడం కుదిరిపోయి ఉండాలి. గొట్టాన్ని క్లేతో కలిపి ఒక్క అర క్షణం నడిపి, నడుపుతూనే నొక్కండి. నొక్కాక కూడా చెంప తీయకుండా ఒక గజం నడపండి. ఆ గజం లేకుండా ఈ పద్ధతి లేదు.

కష్టంగా ఉంటే మొదటి 25 క్లేలు తుపాకీ భుజాన ఆనించుకునే కాల్చండి, నేర్చుకోవడంలో తప్పులేదు. ఆ ధైర్యం వచ్చాక బట్ దించండి.

తప్పితే ఎటు తప్పింది?

కాల్చేటప్పుడు ఎడం కొలవాలని చూడకండి. స్కీట్ చోక్‌తో (గొట్టం చివరి స్వల్పమైన ఇరుకుతో) పెల్లెట్ల గుంపు ఆ దూరంలో దాదాపు 70 సెం.మీ. వెడల్పు విచ్చుకుంటుంది, పది సెంటీమీటర్ల తేడాను అదే సర్దుకుంటుంది. గొట్టం ఆగిపోతే మాత్రం సర్దుకోదు. క్లే వెనక అంచు నుంచి ముక్క రాలితే దెబ్బ వెనకబడింది, ముందు అంచు నుంచి రాలితే ముందుకు పోయింది. అసలు తగలకపోతే భుజం వెనక నిలబడ్డ కోచ్‌ని అడగండి. కొత్తగా మారినవాళ్లకు పదిలో ఎనిమిది సార్లు వినపడే మాట ‘వెనక’ అనే అనుకోండి.

క్లే గొట్టాన్ని దాటేసి, మీరు గొట్టంతో తరిమి పట్టుకోవాల్సి వస్తే హోల్డ్ పాయింట్‌ని (గొట్టం ఆగి ఉండే చోటుని) మధ్య కర్ర వైపు మీటరు జరపండి. అలా తరిమి కొట్టిన క్లే పగిలినా అది తప్పే, పాత పద్ధతే దొంగదారిన తిరిగొచ్చింది. అదే గొట్టం క్లే కోసం ఆగి ఎదురుచూస్తుంటే మీటరు వెనక్కి, హౌస్ వైపు.

లో హౌస్ (ఎదురు పక్కనున్న, ఎత్తు తక్కువ గది) మొదలుపెట్టాక కొత్త చిక్కొస్తుంది. హై హౌస్ క్లే 3.05 మీటర్ల ఎత్తులో బయల్దేరుతుంది, లో హౌస్‌ది 1.07 మీటర్లే. రెండూ మధ్య కర్ర మీదుగా పోయేది 4.6 మీటర్ల ఎత్తులో. అంటే లో హౌస్ క్లే ఇంకా నిటారుగా ఎక్కుతోంది. గొట్టాన్ని అడ్డంగానే నడిపితే ఎడం సరిగ్గా ఉన్నా పెల్లెట్లు క్లే కిందుగా పోతాయి.

మీ రెండు కళ్లలో ఏది పెత్తనం చేస్తుందో కూడా చూసుకోండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న వస్తువుకు వేలు చూపి ఒక్కో కన్ను మూయండి. కుడి భుజాన కాల్చేవారికి ఎడమ కన్ను మూసినప్పుడు వేలు పక్కకు జరిగితే ఎడమ కన్నే యజమాని. ఈ పద్ధతిలో అది ఎడాన్ని తప్పుగా చూపిస్తుంది. కళ్లద్దాల మీద ఎడమ కంటికి ఎదురుగా చిన్న మసక టేపు ముక్క అంటించి చూడండి.

నాలుగులో 25కి 18 దాకా నిలకడగా వచ్చాకే పక్క స్టేషన్లకు. అప్పటిదాకా స్కోరు పడిపోతుంది. పడనివ్వండి, పోటీ దగ్గర్లో ఉంటే మాత్రం ఈ పని తలపెట్టకండి. ఒకే రౌండ్‌లో రెండు పద్ధతులూ కలపకండి.

మధ్య కర్ర దగ్గర పగలగొట్టేటట్లయితే హై హౌస్‌కి ఐదో స్టేషన్‌లో ఎడం నాలుగులో ఉన్నంతే, మూడులో అందులో అయిదింట నాలుగు వంతులు, రెండులో సగం కన్నా తక్కువ. లో హౌస్‌కి ఇదే తిరగేసి చదవండి: మూడు నాలుగుకి సమానం, ఐదు తగ్గుతుంది, ఆరు సగానికి దిగుతుంది. రెండులో హై హౌస్‌ని అందరూ భయపడేది దాని వేగానికి, నిజానికి అక్కడ ఎడం చిన్నదే. హోల్డ్ పాయింట్ కిటికీకి దగ్గరగా పెట్టుకోవడమే అక్కడ జరిగే పొరపాటు.