బాత్‌రూము పాలరాతి నేలకు గ్రౌటు, సీలరు: ఏది ముందు, ఏది వెనుక

బాత్‌రూములో పాలరాతి పలకలు పరిచాక మన వైపు చాలా ఇళ్లలో జరిగే పని ఒకటే. మేస్త్రి తెల్ల సిమెంటును నీళ్లలో కలిపి సందుల్లో రుద్దుతాడు, పైన అంటిన మరకలు పోవడానికి యాసిడ్ నీళ్లు చల్లి కడిగేస్తాడు. సిరామిక్ టైల్సు మీద ఈ పద్ధతి ఎలాగో చెల్లిపోతుంది గానీ పాలరాతి మీద చెల్లదు. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు కాబట్టి యాసిడ్ తగిలిన చోట అది నురగ కక్కి కరుగుతుంది, ఆరాక ఆ మేరకు మెరుపు పోతుంది. కడప నల్లబండ, బేతంచెర్ల, తాడిపత్రి బండలు కూడా సున్నపురాతి జాతివే. బాత్‌రూము గడపకు వేసిన నల్లబండ మీద టాయిలెట్ క్లీనరు ఒలికిన చోట కనిపించే బూడిదరంగు మచ్చలకు కారణం ఇదే. ఎంత తుడిచినా అవి పోవు, ఎందుకంటే అది రాతికి అంటిన మురికి కాదు, రాయే అరిగిన గుర్తు. అందువల్ల పని మొదలుపెట్టక ముందే మేస్త్రితో యాసిడ్ వాడవద్దని గట్టిగా చెప్పి ఉంచాలి.

గ్రౌటు, అంటే పలకల మధ్య సందులు నింపే ముద్ద, వేయడానికి ముందు వాలు చూసుకోవాలి. ఒక చెంబు నీళ్లు నేల మీద పోస్తే అవి జాలీ వైపు పోవాలి. మధ్యలో నిలిచిపోతే ఆ లోపాన్ని గ్రౌటు గానీ, మరకలు ఇంకకుండా రాతికి పూసే సీలరు ద్రవం గానీ సరిచేయలేవు. కింది స్లాబుకు నీరు దిగకుండా ఆపేది పలకల కింద వేసే వాటర్‌ప్రూఫింగు పొర మాత్రమే. సీలరు కొట్టించాము కదా, ఇక కింది గదిలో చెమ్మ రాదని అనుకోవడం పొరపాటు.

పలకలను టైల్ అంటుతో అతికించి ఉంటే కనీసం ఒక రోజు, ఇసుక సిమెంటు మాలు మీద పరిచి ఉంటే మరికొన్ని రోజులు ఆరనివ్వాలి. ఆ తరువాత సందుల్లోకి పొంగిన సిమెంటును సన్నని బ్లేడుతో, పలక మందంలో మూడింట రెండు వంతుల లోతు వరకు గీకి, ధూళి లేకుండా ఊడ్చాలి. నేల పూర్తిగా ఆరాక, చాలామంది వదిలేసే పని ఒకటి చేయాలి: గ్రౌటు కంటే ముందే పలకల పై ముఖానికి సీలరు ఒక పూత వేయాలి. పాలరాతిలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. రంగు కలిసిన గ్రౌటు నీరు వాటిలోకి దిగితే తెల్లరాతి అంచుల వెంబడి పలక చుట్టూ నీడ కట్టినట్టు ఒక గీత మిగిలిపోతుంది. సీలరు సందుల లోపలి గోడలకు ఎక్కువగా పూయకూడదు; పూస్తే గ్రౌటు సరిగా పట్టదు.

గ్రౌటు ఎంపిక సందు వెడల్పును బట్టి ఉంటుంది. సందు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇసుక లేని గ్రౌటే వాడాలి. ఇసుక ఉన్న రకం వెడల్పు సందుల్లో పగలకుండా నిలుస్తుంది గానీ, రుద్దేటప్పుడు ఆ రేణువులు పాలిషు మీద గీతలు పెడతాయి. ఎపాక్సీ అనే రెసిన్‌తో చేసిన గ్రౌటు మరక పట్టదు, నీరు పీల్చదు. అయితే అది కొన్ని రకాల పాలరాతి అంచులను ముదురు చేస్తుంది, ఎండాకాలంలో చేతిలోనే గట్టిపడిపోతుంది. అలవాటున్న మేస్త్రి దొరికితే తప్ప దాని జోలికి పోకపోవడం మంచిదని నా అభిప్రాయం. పరిమాణం విషయానికి వస్తే, అడుగు చదరం, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలకు 2 మిల్లీమీటర్ల సందు ఉంచితే చదరపు మీటరుకు సుమారు 200 గ్రాములు పడుతుంది. అంటే 8 అడుగులు, 5 అడుగుల బాత్‌రూముకు కిలో ప్యాకెట్టు సరిపోతుంది.

గ్రౌటు కలపడానికి ఉప్పు బోరు నీళ్లు వాడకండి. అనంతపురం వైపు బోరు నీళ్లలో ఉండే లవణాలు ఆరాక సందుల మీద తెల్లగా పొంగుతాయి, అప్పుడు గ్రౌటు రంగు ఒక్కో చోట ఒక్కో తీరుగా కనిపిస్తుంది. క్యాను నీళ్లు అయితే చింత లేదు. ప్యాకెట్టు మీద రాసిన కొలతకే నీరు పోసి, గడ్డలు లేకుండా కలిపి, ఐదు పది నిమిషాలు కదపకుండా ఉంచి, మళ్లీ ఒకసారి కలపాలి. తరువాత అది బిగుసుకుంటోందని మేస్త్రి నీరు పోయబోతే ఆపండి. అలా పోసిన గ్రౌటు ఆరాక గోటితో గీరినా పొడిగా రాలుతుంది. 40 డిగ్రీలు దాటే కర్నూలు ఎండల్లో ఈ పని పొద్దున్నే, కొద్దికొద్దిగా కలుపుకుంటూ చేయాలి.

రబ్బరు ఫ్లోటును (అడుగున రబ్బరు ఉన్న చేతి పలకను) కాస్త వాల్చి పట్టుకొని, సందులకు ఐమూలగా లాగుతూ గ్రౌటును లోపలికి నొక్కాలి. సందు వెంబడి లాగితే నింపినదంతా బయటికి వస్తుంది. పావుగంట నుంచి అరగంటలోపు గ్రౌటు కాస్త గట్టిపడ్డాక, బాగా పిండిన స్పాంజితో అదే ఐమూలగా తుడవాలి. నీరు కారే స్పాంజి గ్రౌటును నీరసపరుస్తుంది. చివర మిగిలే పొడిలాంటి మసకను పొడిగుడ్డతో రుద్దితే చాలు. ఆ రోజు ఫ్యాను వేయకుండా, కిటికీ మూసి, పైన ప్లాస్టిక్ షీటు కప్పాలి. లేదంటే మన పొడిగాలికి గ్రౌటు త్వరగా ఎండిపోయి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

గోడ, నేల కలిసే మూలల్లో గ్రౌటు నింపకూడదు. అక్కడ కొద్దిపాటి కదలిక ఉంటుంది కాబట్టి ఆరాక రబ్బరులా సాగే సిలికాన్ పెట్టాలి. పూసేటప్పుడు పుల్లగా వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అసిటిక్ ఆమ్లాన్ని విడుస్తుంది, అది రాతికి పనికిరాదు. న్యూట్రల్ రకం కావాలని దుకాణంలో అడిగి తీసుకోవాలి.

రెండు మూడు రోజులు గడిచి గ్రౌటు లోపలి వరకు ఆరాక అసలు సీలరు పని. పైన పొరలా నిలిచేది కాక, రాతిలోకి ఇంకే రకం తీసుకోండి. మెత్తని గుడ్డతో పలకలకు, సందులకు పూసి, ఐదు పది నిమిషాలు పీల్చనిచ్చి, మిగిలినదాన్ని ఆరకముందే పూర్తిగా తుడిచేయాలి. వదిలేస్తే జిడ్డుగా అట్టకడుతుంది. గంట రెండు గంటల తరువాత రెండో పూత వేసి, ఒక రోజు నీరు తగలనీయకుండా చూడాలి.

సీలరు మరకలు ఇంకకుండా ఆపుతుంది గానీ యాసిడ్ నుంచి కాపాడదు. నిమ్మకాయ, వెనిగర్, టాయిలెట్ క్లీనరు ఇక ముందూ ఆ నేల మీద పడకూడదు. బోరు నీళ్ల తెల్లచార కట్టకుండా స్నానం కాగానే వైపరుతో నీళ్లు లాగేస్తే సగం పని అయినట్టే. కడగడానికి ఆమ్లం లేని సబ్బునీరు వాడాలి. ఏడాదికొకసారి నాలుగు చోట్ల నీటి చుక్కలు వేసి పది నిమిషాలు చూడండి. చుక్క తుడిచిన చోట రాయి ముదురుగా కనిపిస్తే మళ్లీ ఒక పూత వేయాలి, లేదంటే అక్కర్లేదు.