మొదటి ర్యాపర్ ఎవరన్న వివాదాన్ని విచారించే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు కళాశాలల్లో తెలుగు ర్యాప్ రాసి వేదికల మీద వినిపించే విద్యార్థులకు ఆ కళ చరిత్ర గురించి సెమినారులో మాట్లాడవలసిన సందర్భం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే భవనంలో కూల్ హెర్క్ అనే డీజే పాటలు వేసిన పార్టీలో ర్యాప్ పుట్టిందని చాలామంది ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ పార్టీ జరిగిన మాట నిజమే. హెర్క్ సోదరి సిండీ కాంప్‌బెల్, బడులు తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు సమకూర్చుకోవడానికి దానిని ఏర్పాటు చేసింది. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు రుసుము పెట్టింది. కానీ ర్యాప్ ఆ రాత్రే పుట్టిందా అన్నది వేరే ప్రశ్న, దాని మీద ఆ కాలంలో అక్కడే ఉన్నవారిలోనే ఏకాభిప్రాయం లేదు. ఆ వాదనలను ఎలా విడదీయాలో, ఎవరి మాటను దేనితో సరిచూడాలో, తేలినదానిని ఎలా రాయాలో ఇక్కడ వివరిస్తాను.

ఎవరు మొదటివారు అని అడగడం మానేసి, ఏ పనిలో మొదటివారు అని అడగడంతో విచారణ మొదలు కావాలి. 1970లలో మైకు పట్టుకున్నవారందరూ చేసినది ఒకే పని కాదు. పాట నడుస్తుండగా వచ్చినవారి పేర్లు పిలిచి ఉత్సాహపరచడం ఒక పని. మధ్యమధ్యలో ప్రాస కలిసిన చిన్న పలుకులు విసరడం మరొకటి. ఆ పలుకులను తాళానికి కట్టి ఎక్కడా జారకుండా ఎక్కువసేపు నడపడం వేరొకటి, అందులోనే అసలైన కష్టం ఉంది. నలుగురైదుగురు కలిసి పంక్తులను పంచుకుని ఒకరి నోటి నుంచి మరొకరు అందుకోవడం, దానిని రికార్డు చేసి అమ్మడం ఆ తర్వాతి దశలు. ఒక కాగితం మీద వీటిని వేర్వేరుగా రాసుకుని, చదివిన ప్రతి వాదనను దానికి తగిన చోట చేర్చండి. ఒకరినొకరు ఖండిస్తున్నట్లు కనిపించినవారిలో చాలామంది నిజానికి వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారని అప్పుడు అర్థమవుతుంది.

కోక్ లా రాక్‌ను తీసుకోండి. హెర్క్ పార్టీల్లో మైకు పట్టిన మిత్రుడు ఇతనే. ఇతను స్నేహితుల పేర్లు పిలిచాడు, చిన్నచిన్న పలుకులతో జనాన్ని కదిలించాడు. ఇతనే మొదటి ఎంసీ (మైకు పట్టి పలికే కళాకారుడు) అనేవారు కాగితంలోని మొదటి రెండు పనులను లెక్కలోకి తీసుకుంటున్నారు. డీజే హాలీవుడ్‌ను ముందు నిలిపేవారు మూడో పనిని చూస్తున్నారు. న్యూయార్క్‌లోనే మరో ప్రాంతమైన హార్లెమ్‌లోని డిస్కో క్లబ్బుల్లో పెద్దవాళ్ల మధ్య పేరు తెచ్చుకుని, అపోలో థియేటర్ దాకా వెళ్లిన హాలీవుడ్, తాళానికి సరిగ్గా సరిపోయేలా ప్రాసలు నడిపినవారిలో తానే ముందున్నానని చెప్పుకున్నాడు. కర్టిస్ బ్లో వంటి తర్వాతి కళాకారులు కూడా ఆ గౌరవం అతనికి ఇచ్చారు. బ్రాంక్స్ డీజే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పక్కన నిలిచిన కౌబాయ్, మెలీ మెల్, కిడ్ క్రియోల్‌ల పేర్లు నాలుగో పని దగ్గరకు వస్తాయి. పంక్తులను పంచుకుని చెప్పే పద్ధతిని వారు ఎంతో దూరం తీసుకువెళ్లారు.

హార్లెమ్‌కు, బ్రాంక్స్‌కు మధ్య ఉన్న ఈ తగాదాను కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే అందులో ఎవరు ముందన్న కాలం కంటే, దేనిని ఈ కళగా లెక్కించాలన్న గీత పెద్ద సమస్య. హాలీవుడ్ ముందు నిలిచినవారు మంచి దుస్తులతో క్లబ్బుకు వచ్చే వయసు వచ్చినవారు. హెర్క్ ముందు నిలిచినవారు ఆ క్లబ్బుల గుమ్మం దాటలేని పదిహేను, పదహారేళ్ల పిల్లలు. ఒకే పాటలో తప్పెట మాత్రమే మోగే చిన్న భాగాన్ని, అదే రికార్డు రెండు ప్రతులను రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఆగకుండా సాగదీయడమే అక్కడి ఆకర్షణ. అందువల్ల బ్రాంక్స్ వారు హాలీవుడ్ ముందా వెనకా అని వాదించడం కంటే, అతనిది డిస్కో, హిప్ హాప్ (బ్రాంక్స్ డీజే, ర్యాప్ కళలకు కలిపి తర్వాత స్థిరపడిన పేరు) కాదు అనడమే ఎక్కువ. ఇది తేదీలతో తేలే విషయం కాదు. ఇటువంటి చోట రెండు పక్షాలూ గీత ఎక్కడ గీస్తున్నాయో రాయడమే మీ బాధ్యత. నా మటుకు నాకు, తాళానికి కట్టిన ప్రాసల విషయంలో హాలీవుడ్‌కు దక్కవలసిన స్థానం జనాదరణ పొందిన కథనాల్లో ఇంకా దక్కలేదనే అనిపిస్తుంది.

తర్వాత జమైకా వాదన వస్తుంది. హెర్క్ 1955లో కింగ్‌స్టన్‌లో పుట్టి 1967లో బ్రాంక్స్ చేరాడు. జమైకాలో వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి, పాటల మీద మైకులో మాట్లాడే సౌండ్ సిస్టమ్ సంప్రదాయం అప్పటికే ఉంది. కాబట్టి అతను దానిని వెంట తెచ్చాడని అనుకోవడం సహజం. ఇక్కడ రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది కాలక్రమం. ఆ మాటతీరును రికార్డుల ద్వారా ఇంటింటికీ చేర్చిన జమైకా మైకు కళాకారుడు యు-రాయ్ విజయాలు 1970 నాటివి, అంటే హెర్క్ ద్వీపం విడిచిన తర్వాతివి. పన్నెండేళ్ల పిల్లవాడు భారీ స్పీకర్లను, మైకు పట్టే అలవాటును చూసి ఉండవచ్చు గాని, యు-రాయ్ శైలినే మోసుకొచ్చాడనడానికి వేరే ఆధారం కావాలి. రెండో పరీక్ష ఆ మనిషి మాటే. 1980లలో అచ్చయిన ఒక సంభాషణలో హెర్క్ జమైకాతో సంబంధం లేదని, బ్రాంక్స్‌లో జమైకా సంగీతమైన రెగే వేస్తే జనం ఒప్పుకోలేదని, తనకు ప్రేరణ అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్, ‘హస్లర్స్ కన్వెన్షన్’ అనే రికార్డు అని చెప్పాడు. తర్వాతి సంవత్సరాల్లో తన బాల్యంలోని సౌండ్ సిస్టమ్‌లకు ఎక్కువ చోటు ఇచ్చాడు. ఒకే వ్యక్తి రెండు విధాలుగా చెప్పినప్పుడు, మనకు నచ్చినదాన్ని ఏరుకోకుండా, రెండింటినీ చెప్పిన కాలంతో సహా రాయాలి.

ఈ దారి ఒకవైపే నడవలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. కౌంట్ మచుకి వంటి తొలి జమైకా మైకు కళాకారులు, అమెరికాలోని నల్లజాతి రేడియో వ్యాఖ్యాతల వేగాన్ని, ప్రాసలను విని నేర్చుకున్నారు. ఆ వ్యాఖ్యాతల్లో జాకో హెండర్సన్ వంటివారి కార్యక్రమాలు న్యూయార్క్‌లోనూ వినిపించాయి. అందువల్ల బ్రాంక్స్‌కు, జమైకాకు మధ్య పోలిక కనిపిస్తే, ఒకరు మరొకరికి నేర్పారనే కాకుండా, ఇద్దరూ ఒకే రేడియో నుంచి తీసుకున్నారనే అవకాశాన్ని కూడా పరిశీలించాలి.

పోలిక వేరు, వంశం వేరు. వంశచరిత్రలను పాడి వినిపించే పశ్చిమ ఆఫ్రికా గ్రియోలు, నల్లజాతి వీధుల్లో చెప్పుకునే పొడవైన ప్రాస కథలు, 1968లో హార్లెమ్‌లో ఏర్పడిన లాస్ట్ పోయెట్స్ అనే కవుల బృందం, అదే సంవత్సరం హాస్యనటుడు పిగ్‌మీట్ మార్ఖామ్ తప్పెట మీద చెప్పిన ‘హియర్ కమ్స్ ద జడ్జ్’, వీటన్నింటినీ మొదటి ర్యాప్‌గా చూపేవారు ఉన్నారు. ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేయండి: బ్రాంక్స్ పిల్లల చెవికి ఇది ఏ దారిన చేరింది? ‘హస్లర్స్ కన్వెన్షన్’ విషయంలో జవాబు ఉంది. లాస్ట్ పోయెట్స్‌కు చెందిన జలాల్ నురిద్దీన్ 1973లో లైట్నిన్ రాడ్ అనే పేరుతో దానిని వెలువరించాడు. హెర్క్ దాని పేరు స్వయంగా చెప్పాడు. గ్రియోల విషయంలో అటువంటి నేరు దారి చూపడం కష్టం. అంత మాత్రాన ఆ బంధం అబద్ధం కాదు; అది శతాబ్దాల వారసత్వం గురించిన మాట కాబట్టి, 1973 గురించిన మాటతో కలపకూడదు.

ఇక సాక్ష్యాలు. 1973 నుంచి మూడు నాలుగేళ్ల పార్టీల శబ్దం దాదాపుగా మిగలలేదు. ఇప్పుడు వినగలిగే టేపుల్లో ఎక్కువ భాగం 1970ల చివరివి. అందువల్ల తొలి సంవత్సరాలకు జ్ఞాపకాలే ప్రధాన ఆధారం. జ్ఞాపకాన్ని తోసిపుచ్చనక్కరలేదు, అయితే దానిలోకి తర్వాతి కాలపు మాటలు దూరాయేమో చూడాలి. మన దగ్గర 1970లో ఏర్పడినది ఒంగోలు జిల్లా. దానికి ప్రకాశం పేరు పెట్టినది 1972లో. 1971 నాటి సంఘటనను ఎవరైనా ప్రకాశం జిల్లాలో జరిగిందని చెబితే ఆ మనిషి అబద్ధం చెప్పినట్లు కాదు, తర్వాత వచ్చిన పేరుతో గుర్తుచేసుకుంటున్నట్లు. అలాగే 1973లో మేము హిప్ హాప్ చేశాము అన్న మాటలో, ఆ పేరు తర్వాత స్థిరపడినదని గమనించి, పేరును తీసివేసి పనిని మాత్రమే నమోదు చేయాలి.

అచ్చయిన తేదీ ఉన్న ఆధారం దొరికితే దానిని జ్ఞాపకాల పక్కన పెట్టండి. అమెరికా సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్‌లో 1979 మే నెలలో రాబర్ట్ ఫోర్డ్ రాసిన చిన్న వార్త ఇందుకు చక్కని ఉదాహరణ. ర్యాప్ రికార్డులు బజారుకు రాకముందే, న్యూయార్క్ డిస్కోల్లో ప్రాసలు చెబుతున్న డీజేల గురించి అది చెబుతుంది. హాలీవుడ్, ఎడ్డీ చీబా, లవ్‌బగ్ స్టార్‌స్కీ, కర్టిస్ బ్లోల పేర్లు అందులో ఉన్నాయి. వారిని జాకో వంటి పాత రేడియో వ్యాఖ్యాతలతో పోలుస్తుంది. నలభై ఏళ్ల తర్వాతి ఇంటర్వ్యూలు పది చదివినా ఈ ఒక్క వార్తకు సాటి రావు. పార్టీల కరపత్రాలు కూడా విలువైనవే. కార్నెల్ విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన హిప్ హాప్ సేకరణలో అటువంటివి భద్రంగా ఉన్నాయి. కరపత్రం మీద తేదీ, వారం ఉండి సంవత్సరం లేకపోతే పాత క్యాలెండర్లతో సరిచూడండి. డీజేల పేర్ల పక్కన ఎంసీల పేర్లు ఎప్పటి నుంచి కనిపిస్తున్నాయో గమనించండి.

ప్రతి వాదన వెనుక ఉన్న అవసరాన్ని కూడా తెలుసుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రం 2007లో సెడ్జ్‌విక్ అవెన్యూ భవనాన్ని హిప్ హాప్ జన్మస్థలంగా గుర్తించినప్పుడు, అక్కడి అద్దెదారులు తమ ఇళ్లు అందుబాటు అద్దెల పరిధి దాటిపోకుండా పోరాడుతున్నారు. వారి పోరాటం న్యాయమైనదే, ఆ గుర్తింపు వారికి బలమైంది. అయితే ప్రభుత్వం గుర్తించింది ఒక పార్టీని, ఒక చోటును. మొదటి ర్యాప్ ఎవరిదన్న ప్రశ్నకు అది తీర్పు కాదు.

ఈ పద్ధతిని దూరదేశపు విషయం మీద ప్రయోగించే ముందు, దగ్గరి విషయంతో చేతికి అలవాటు చేసుకోవడం మంచిది. ప్రకాశం జిల్లాలో సంక్రాంతికి, తిరునాళ్లకు జరిగే బండలాగుడు పందేల దగ్గర మైకు పట్టిన వ్యాఖ్యాత, జత లాగిన అడుగులను లెక్క చెబుతూ, రైతు పేరూ ఊరి పేరూ కలిపి, గిత్తల నడకకు తగిన వేగంతో పలుకుతాడు. కోక్ లా రాక్ పని ఎటువంటిదో గ్రహించడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. మీ ఊళ్లో ఆ తీరు ఎవరు మొదలుపెట్టారని నలుగురు పెద్దలను విడివిడిగా అడిగి, చెప్పిన మాటలను తేదీతో రాసుకోండి. పేరు పిలిచినవారు, ప్రాస కలిపినవారు, మైకు తెచ్చినవారు వేరువేరుగా తేలితే, మీ కాగితం సరిగ్గా పనిచేసినట్లే. పాత పత్రికలతో సరిచూడవలసి వస్తే, ఇదివరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన వేటపాలెంలో, 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది.

రికార్డుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 1979 సెప్టెంబరులో సిల్వియా రాబిన్సన్ రికార్డు సంస్థ నుంచి వచ్చిన ‘రాపర్స్ డిలైట్’ను మొదటి ర్యాప్ రికార్డు అంటారు, అంతకు కొద్దికాలం ముందే ఫ్యాట్‌బ్యాక్ బృందం ‘కింగ్ టిమ్ III’ వచ్చింది. అంతకన్నా ముఖ్యమైన విషయం, ‘రాపర్స్ డిలైట్’లో బిగ్ బ్యాంక్ హ్యాంక్ చెప్పిన పంక్తులు బ్రాంక్స్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ కాజ్‌వి. కాజ్ పాత బిరుదు కాసనోవా అక్షరాలు సైతం అందులో అలాగే ఉండిపోయాయి, రచయితగా మాత్రం అతని పేరు రికార్డు మీద అతికించే లేబుల్ మీదికి ఎక్కలేదు. కాబట్టి లేబుల్‌ను అమ్మకానికి సాక్ష్యంగా తీసుకోండి, రచనకు కాదు.

రాసేటప్పుడు మొదటివాడు అన్న మాటను ఒంటరిగా వాడకండి. పని, చోటు, కాలం, చెప్పినవారు అన్న నాలుగూ దాని వెంట ఉండాలి. “1970ల మధ్యలో హార్లెమ్ క్లబ్బుల్లో తాళానికి కట్టి ప్రాసలు నడిపినవారిలో తానే ముందున్నానని డీజే హాలీవుడ్ చెప్పుకున్నాడు, 1979 నాటి బిల్‌బోర్డ్ వార్త అతని పేరును ఆ కళాకారుల్లో ప్రస్తావించింది” అనే వాక్యం ఆ విధంగా నిలబడుతుంది. ఆధారం జ్ఞాపకం మాత్రమే అయితే ‘చెప్పాడు’ అని, అచ్చు లేదా టేపు ఉంటే ‘ఉంది’ అని క్రియను మార్చండి. రెండు పక్షాలు మిగిలిన చోట రెండింటినీ ఒకే పేరాలో, ఒకే నిడివిలో పెట్టి, మీ అభిప్రాయాన్ని దాని తర్వాత వేరే వాక్యంగా, మీదేనని తెలిసేలా రాయండి.