విపత్తులో అమ్మానాన్నలను కోల్పోయిన పిల్లల సంరక్షణకు దరఖాస్తు ఎలా చేయాలి?

వరదలోనో తుఫానులోనో కొండచరియలు విరిగిపడో అమ్మానాన్నలు పోతే, పిల్లలను మేనమామో పిన్నో తాతయ్యో తమ ఇంటికి తీసుకెళ్తారు. అది మంచి పనే. కానీ అక్కడితో ఆగిపోకండి. బిడ్డను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లి, ఎవరి దగ్గర ఉంటోందో రాతపూర్వకంగా నమోదు చేయించండి. పరిహారం, నెలవారీ సాయం, ఆస్తి హక్కు ఏది అడగాలన్నా కమిటీ ఇచ్చే ఉత్తర్వు చేతిలో ఉంటే పని తేలికవుతుంది. బిడ్డను ఇంకెవరో వచ్చి తీసుకెళ్లకుండా కాపాడేది కూడా అదే.

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకృతి విపత్తు బారిన పడిన పిల్లలను సంరక్షణ అవసరమైన పిల్లలుగా గుర్తించింది. నా అనేవాళ్లు లేకుండా బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోపు బాలల హెల్ప్‌లైన్ 1098కి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ కమిటీకి గానీ చెప్పాలి. చెప్పకపోవడం నేరం.

ముందు ఆచూకీ

దరఖాస్తు కన్నా ముందు ఒక కాగితం తీసుకోండి. బిడ్డ దొరికిన చోటు, తేదీ, వేళ, ఎవరు తెచ్చారు, ఒంటి మీది బట్టలు, పుట్టుమచ్చలు, బిడ్డ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఊరి పేరు చెప్పలేని చిన్నపిల్లలు కూడా అక్క పేరో టీచర్ పేరో ఇంటి పక్కన ఏముందో చెప్తారు. బంధువులను వెతకడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు. రోజులు గడిచేకొద్దీ ఆ వివరాలు చెదిరిపోతాయి కాబట్టి ఇది మొదటి రోజే చేయాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఒకేచోట ఉంచమని దరఖాస్తులోనే అడగండి.

ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. విచారణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, చిరునామా బయటపెట్టడాన్ని చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది. అంతకన్నా పెద్ద భయం తప్పుడు మనుషుల చేతుల్లో పడటం. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత 33 మంది పిల్లలను అనాథలంటూ సరిహద్దు దాటించబోయిన విదేశీయులను అక్కడి పోలీసులు ఆపారు. విచారిస్తే ఆ పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు.

అందుకే, తల్లిదండ్రుల మృతదేహాలు దొరక్కపోతే దరఖాస్తులో "అనాథ" అని రాయకండి, "ఆచూకీ తెలియలేదు" అని రాయండి. మామూలుగా ఏడేళ్లు కనిపించకపోతేనే చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. కానీ ఉత్తరాఖండ్‌లో 2013 వరదల తర్వాత, 2021 చమోలీ విపత్తు తర్వాత ప్రభుత్వం ప్రత్యేక విధానంతో అంతకన్నా చాలా ముందే మరణ ధ్రువీకరణ పత్రాలు ఇచ్చింది. మీ దగ్గర అలాంటి ఉత్తర్వు వచ్చిందేమో కలెక్టరేట్‌లో అడగండి.

కమిటీ ముందు

జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వొచ్చు. బిడ్డకూ మీకూ ఉన్న బంధుత్వం, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఆదాయం ఎంత, బిడ్డ ఏ బడిలో చదివేది రాయండి. దొరికినంత వరకు ఆధార్, రేషన్ కార్డు, జనన, మరణ పత్రాలు జత చేయండి. కాగితాలు నీళ్లలో కొట్టుకుపోయి ఉంటే ఆ మాటే రాసి, బడి రికార్డు గానీ అంగన్‌వాడీ నమోదు గానీ చూపండి. అన్నీ సమకూరేదాకా ఆగొద్దు.

తర్వాత సామాజిక కార్యకర్త మీ ఇంటికి వస్తారు. దీన్నే సామాజిక విచారణ అంటారు, 15 రోజుల్లో పూర్తి కావాలి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడతారు. ఇల్లు చిన్నదని దాచుకోవాల్సిన పని లేదు. బిడ్డ ఎక్కడ పడుకుంటోంది, బడికి వెళ్తోందా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తోందా, ఎవరితో ఎక్కువ మాట్లాడుతోంది అన్నవే అసలు విషయాలు. బిడ్డతో విడిగా మాట్లాడతామంటే అడ్డుపడకండి. మీ ముందు చెప్పలేని మాట ఉంటే బిడ్డకు అదే అవకాశం. కమిటీ తుది ఉత్తర్వు నాలుగు నెలల్లోపు రావాలి. ఈలోగా బిడ్డను మీ దగ్గరే ఉంచమని అడగొచ్చు, దానికి హామీ పత్రం రాసివ్వాలి.

డబ్బు సంగతి

కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డ పెంపకానికిచ్చే సాయం, నెలకు రూ.4,000. అనాథలై బంధువుల ఇంట్లో ఉంటున్న పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ వార్షిక ఆదాయం గ్రామాల్లో రూ.72,000, పట్టణాల్లో రూ.96,000 దాటకూడదు. బిడ్డ పేరిట బ్యాంకు ఖాతా ముందే తెరిచి ఉంచండి. తల్లిదండ్రుల మృతికి వచ్చే పరిహారం బిడ్డ పేరిటే డిపాజిట్ చేయించమని కమిటీని రాతపూర్వకంగా కోరండి. బంధువుల మధ్య తగాదాలు ఎక్కువగా ఈ డబ్బు దగ్గరే మొదలవుతాయి.

దత్తత వేరే ప్రక్రియ. బిడ్డను నేరుగా ఇచ్చిపుచ్చుకుని, కాగితం రాసుకుని చేసే దత్తత జోలికి వెళ్లొద్దు.

కమిటీ నిర్ణయం మీకు నచ్చకపోతే 30 రోజుల్లోపు బాలల కోర్టులో అప్పీలు చేయొచ్చు. స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ (బిడ్డను వేరే కుటుంబంలో ఉంచి పెంచడం) విషయాల్లో మాత్రం అప్పీలు కలెక్టర్‌కి వెళ్తుంది. ఉత్తర్వు కాపీ అందిన తేదీని దాని మీదే రాసి పెట్టుకోండి.