ఐబీఎం ఐ సొంతంగా నేర్చుకుందాం – 4: ఫైలు చూడటం వేరు, దిద్దడం వేరు

పోయిన పాఠంలో ఐబీఎం ఐ (ఐబీఎం పవర్ సర్వర్ల ఆపరేటింగ్ సిస్టం)లో ధాన్యం ఫైలు తయారు చేసుకున్నాం. రైతు నంబరు, ఊరు, బస్తాలు, తేమ: తణుకు దగ్గర రైసుమిల్లు గేటులో రాసుకునే చిట్టా లాంటిదే. అందులో ఒక రైతుకి 120 బస్తాలకు బదులు 210 పడింది. బస్తాకి 75 కిలోల లెక్కన ఆ తేడా 6,750 కిలోలు. ఇవాళ దాన్ని దిద్దుదాం.

ముందు డీఎస్‌పీపీఎఫ్ఎం (DSPPFM, ఫైలులోని డేటా చూపించే కమాండు) కొట్టండి. ఊరి పేరు చక్కగా కనిపిస్తుంది, బస్తాల దగ్గర మాత్రం పిచ్చి గుర్తులుంటాయి. కంగారు పడకండి, ఫైలు పాడవలేదు. ఆ ఫీల్డు ప్యాక్డ్ డెసిమల్. అంటే ఒక బైటులో రెండు అంకెలు సర్దుతారు, చివరి సగం బైటులో గుర్తు ఉంటుంది. ఎఫ్10 నొక్కి, ప్రతి సగం బైటునీ ఒక అక్షరంగా చూపే హెక్స్‌లో చూస్తే 00210ఎఫ్ అని కనిపిస్తుంది. చివరి ఎఫ్ అంటే ధన సంఖ్య, డి ఉంటే రుణ సంఖ్య. ఇలా హెక్స్ చదవడం వారం రోజులు అలవాటు చేసుకోండి. ఫీల్డులో చెత్త పడి ప్రోగ్రాం ఆగిపోయిన రోజున మీకు దిక్కు ఇదే.

అంకెలు మామూలుగా కనిపిస్తే చాలనుకుంటే ఆర్‌యూఎన్‌క్యూఆర్‌వై (RUNQRY) వాడండి. అది చూపిస్తుందంతే, ఏదీ మార్చదు. కొత్తవాళ్ల చేతికి నేను ముందు ఇచ్చేది అదే.

దిద్దడానికి యూపీడీడీటీఏ (UPDDTA) కమాండు. అప్పటికప్పుడు డీఎఫ్‌యూ (DFU, డేటా దిద్దే టూలు) స్క్రీను తయారవుతుంది. రికార్డు తెచ్చుకుని 210ని 120 చేసి ఎంటర్ కొట్టండి. బయటికి వచ్చేటప్పుడు ఎన్ని చేర్చారో, ఎన్ని మార్చారో, ఎన్ని తీసేశారో చెబుతుంది. మార్పుల చిట్టా కూడా స్పూల్‌లో, అంటే ప్రింటుకి వెళ్లాల్సిన వరసలో, పడుతుంది. స్క్రీను పాతకాలందే, అయినా ఈ చిట్టా కోసమే నాకు డీఎఫ్‌యూ అంటే ఇష్టం. ఒక్క జాగ్రత్త: మీరు తెరిచిన రికార్డు లాక్ అవుతుంది. అలాగే వదిలేసి భోజనానికి వెళ్లారో, గేటులో గుమస్తా ప్రోగ్రాం మామూలుగా 60 సెకన్లు చూసి ఎర్రర్ ఇస్తుంది. అతని ఫోను మీకే వస్తుంది.

ఎస్‌క్యూఎల్ (డేటాబేసు భాష) నేరుగా రాయడానికి ఎస్‌టీఆర్‌ఎస్‌క్యూఎల్ (STRSQL) కమాండు ఉంది, అన్ని మెషీన్లలో ఉండకపోవచ్చు. అది లేకపోతే పీసీలో నడిచే యాక్సెస్ క్లయింట్ సొల్యూషన్స్‌లోని రన్ ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్స్ ఉంది. వంద రికార్డులు ఒకేసారి మార్చాలంటే ఎస్‌క్యూఎల్‌కి సాటి లేదు. వంద పాడవ్వాలన్నా అంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేర్ (WHERE, ఏ రికార్డులో చెప్పే షరతు) రాయకుండా అప్‌డేట్ కొట్టేసి ఊళ్లన్నీ ఒకే ఊరు చేసిపెట్టాను. ఆ రాత్రి బ్యాకప్ టేపు దొరికేదాకా టెన్షన్ తగ్గలేదు. అప్పటినుంచి ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కొట్టి, ఎన్ని వరసలొచ్చాయో లెక్కపెట్టాకే అప్‌డేట్ రాస్తాను. జర్నల్ (మార్పులన్నీ నమోదయ్యే లాగు) లేని ఫైలైతే ఎస్‌క్యూఎల్7008 అని అడ్డుపడుతుంది. విత్ ఎన్‌సీ (WITH NC) చేరిస్తే దారి వదులుతుంది కానీ రోల్‌బ్యాక్, అంటే మార్పుని వెనక్కి తిప్పుకునే వీలు, ఉండదు.

డీబీయూ లాంటి బయటి టూల్స్ కొనే ఆఫీసులూ ఉన్నాయి. చూడటం, దిద్దడం ఒకే స్క్రీనులో కాబట్టి పని హాయిగా సాగుతుంది. కానీ మీరు చేరే ఆఫీసులో అవి ఉంటాయన్న నమ్మకం లేదు.

ఇంటిపని: సీఆర్‌టీడీయూపీఓబీజే (CRTDUPOBJ)తో ఫైలుకి నకలు తీయండి, డేటా దగ్గర *YES ఇవ్వడం మరవకండి. నకలులో తేమ 17 శాతం దాటిన రికార్డులు వెతికి, ఒకటి డీఎఫ్‌యూతో, ఒకటి ఎస్‌క్యూఎల్‌తో దిద్దండి. తర్వాత స్పూల్ తెరిచి రెండింటిలో దేని జాడ దొరికిందో చూడండి. జర్నల్ పెట్టడం అయిదో పాఠంలో.