మెడ రక్తనాళం సన్నబడి ఆలోచన మందగిస్తే: ఇంట్లో ఏం గమనించాలి, స్కాన్ రిపోర్టు ఎలా చదవాలి

మన చిత్తూరు వైపు ఒంట్లో దారంలా కనిపించేదల్లా నరమే. మెడలో బ్లాక్ అనగానే ‘నరాల బలహీనత’ అనుకుని మందుల షాపులో బి-కాంప్లెక్స్ కొనుక్కునేది అందుకే. ఇక్కడ సన్నబడేది నరం కాదు, క్యారటిడ్ అనే రక్తనాళం. గొంతుముడికి పక్కన వేలు ఆనిస్తే కొట్టుకునేది అదే. దవడ మూలకు కాస్త కింద రెండుగా చీలి, ఒక కొమ్మ మొహానికి, ఇంకొకటి మెదడుకు పోతుంది. ఆ చీలిక దగ్గర రక్తం సుడి తిరుగుతుంది కాబట్టి కొవ్వు పేరుకునేది ఎక్కువగా అక్కడే.

దీనివల్ల మెదడుకు రెండు రకాలుగా నష్టం. బాగా సన్నబడితే రక్తం చాలదు. లేదా కొవ్వు గడ్డ పైనుంచి చిన్న చిన్న తునకలు ఊడిపోయి సన్న నాళాల్లో ఇరుక్కుంటాయి. మెదడు అడుగున నాళాలన్నిటినీ కలిపే ఒక వలయం ఉంటుంది; ఒక పక్క తగ్గితే ఇంకో పక్క నుంచి అందిస్తుంది. అందరికీ అది పూర్తిగా ఏర్పడి ఉండదు. అందుకే అదే 80 శాతం బ్లాకుతో ఒకరు మామూలుగా తిరుగుతుంటే ఇంకొకరి పని నెమ్మదిస్తుంది.

మొదట తగ్గేది జ్ఞాపకం కాదు, వేగం. పది సరుకుల లెక్క నోటితోనే కట్టే అంగడాయన మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి కూడుతుంటాడు. పేరు వెంటనే తట్టదు, మొదటి అక్షరం అందిస్తే దొరుకుతుంది. అల్జీమర్స్‌లో చాలాసార్లు అక్షరం అందించినా దొరకదు. ఈ తేడా డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో రెండు పరీక్షలు పెట్టొచ్చు. ఒక నిమిషంలో ఎన్ని కూరగాయల పేర్లు చెప్పగలరో లెక్కపెట్టండి. తర్వాత 100 నుంచి ఏడేడు తీసేయమనండి: 93, 86, 79, 72, 65. తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకుని, ఆరు నెలలకు అదే వేళప్పుడు మళ్లీ చేయించండి. ఆకలి మీద, నిద్ర చాలనప్పుడు వద్దు. పోల్చాల్సింది పక్కింటాయనతో కాదు, ఆ మనిషి పాత లెక్కతోనే. తగ్గినంత మాత్రాన తప్పు మెడదే అనుకోకండి. బి12, థైరాయిడ్, వినికిడి, గురక, దిగులు ముందు చూపించుకోవాలి. మాంసం తిననివాళ్లలో, ఏళ్ల తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలే.

నాళంలో రక్తం పరుగు చూసే మెడ డాప్లర్ స్కాన్‌కు పరగడుపున రానక్కర్లేదు, అరగంటలో అయిపోతుంది. ఏ ఇబ్బందీ లేనివాళ్లు ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకోవడం మా లెక్కలో దండగ. రిపోర్టులో పీఎస్‌వీ అనే అంకె వెతకండి, అది రక్తం పరుగు. సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా 50 శాతానికి పైగా, 230 దాటితే 70కి పైగా సన్నబడినట్టు. ఒక మెలిక ఉంది: నాళం దాదాపు మూసుకుపోతే ఈ అంకె మళ్లీ పడిపోతుంది. కాబట్టి అంకె ఒక్కటే చూసి సంబరపడొద్దు. గడ్డ మెత్తగా ఉందని రాస్తే, గట్టిపడినదానికంటే దానితోనే భయం ఎక్కువ.

మతిమరుపు పోతుందని, నాళంలో కొవ్వు తీసే ఆపరేషన్‌కు తొందరపడకండి, ఆ లాభం ఇంకా రుజువు కాలేదు. ఆపరేషన్ అసలు పని పక్షవాతాన్ని ఆపడం. కాసేపు చెయ్యి పడిపోయి, మాట తడబడి, లేదా ఒక కంటికి తెర దించినట్టయి సర్దుకుంటే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బ్లాక్ 70 శాతం దాటి ఉంటే రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ ఫలితం. గుర్తుపెట్టుకోండి: ఎడమ మెడ నాళం చెడితే చచ్చుబడేది కుడి చెయ్యి, మసకబారేది మాత్రం ఎడమ కన్నే.

మిగతావాళ్లకు మందులే ఆధారం. కొవ్వు తగ్గించే మాత్ర స్టాటిన్ వాడేవాళ్లకు ఎల్‌డీఎల్ (చెడు కొవ్వు) 70 లోపు ఉంచాలని చూస్తారు. రక్తపరీక్ష బాగా వచ్చిందని మాత్ర ఆపేయడమే అందరూ చేసే తప్పు. అంకె తగ్గింది మాత్ర వల్లే, పైగా గడ్డ పగలకుండా కాపాడేదీ అదే. బీపీ మెల్లగా దించాలి. రెండు పక్కలా గట్టి బ్లాక్ ఉన్నవాళ్లకు ఒక్కసారిగా దించితే లేవగానే కళ్లు తిరుగుతాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించొద్దు. సంగటితో, ఊరుబిండితో చిక్కు లేదు. ఊరగాయ, అప్పడం, ఉప్పుచేప దగ్గరే లెక్క తప్పుతుంది. బీడీ, సిగరెట్ పూర్తిగా మానాల్సిందే. క్షౌరశాలలో మెడ విరిపించుకోవద్దు, గొంతు పక్కల మర్దన వద్దు.

మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా 108కి ఫోన్ చేయండి. నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు, మొదలైనప్పటినుంచి నాలుగున్నర గంటలు. తిరుపతి వాళ్లకు స్విమ్స్, రుయా దగ్గరే. కుప్పం, పలమనేరు వాళ్లు సీటీ స్కాన్‌తో పాటు ఈ ఇంజెక్షన్ కూడా ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోవాలి. సీటీ తీయకముందు ఆస్పిరిన్ వేయొద్దు, రక్తం చిట్లి ఉంటే అదే ముంచుతుంది. నీళ్లు కూడా తాపొద్దు, పొలమారుతుంది. మనిషి ఆఖరుసారి బాగున్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసి, వాడే మందుల చీటీతో పాటు పట్టుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేది ఆ టైమే.