వరంగల్ నుంచి థార్ సరిహద్దుకు: ఎడారి నేలను నీళ్ల జాడతో చదవడం ఎలా

జైసల్మేర్ పోయి వచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే కోట, సమ్ దగ్గర ఇసుక తిన్నెలు, ఒంటె సవారీ, తనోట్ గుడి అని చెబుతారు. అవన్నీ చూడండి, వద్దనను. కానీ అంత దూరం పోయి, ఆ నేల అట్లా ఎందుకుందో, 1156లో ఊరు కట్టుకున్న మనుషులు ఇన్ని వందల ఏళ్లు అక్కడ ఎట్లా బతికారో తెలుసుకోకుండా వెనక్కి వస్తే నాకు నిజంగా బాధనిపిస్తుంది. ఎడారి అర్థం కావాలంటే ఎక్కడ నిలబడినా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ పడ్డ వాన ఎటు పోతుంది, ఎక్కడ ఆగుతుంది? చెరువు కట్ట కింద పెరిగిన వరంగల్ మనిషికి ఈ ప్రశ్న కొత్త కాదు, అందుకే థార్‌ను చదవడం మనకు అనుకున్నంత కష్టం కాదంటాను.

బయలుదేరే ముందు ఇంట్లోనే చేయాల్సిన పని కొంత ఉంది. మొదట సైజు మనసుకు పట్టించుకోండి. జైసల్మేర్ జిల్లా 38,401 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాత ఉమ్మడి వరంగల్ జిల్లాలు దాదాపు మూడు అందులో పడతాయి, మొత్తం తెలంగాణలో మూడో వంతు. మనుషులు మాత్రం 2011 లెక్కల్లో మన ఉమ్మడి జిల్లాలో 35 లక్షలు ఉంటే అక్కడ 7 లక్షల లోపే, చదరపు కిలోమీటరుకు 17 మంది. వాన సంగతి ఇంకా తేడా. మనకు ఏడాదికి దాదాపు 1000 మిల్లీమీటర్లు పడితే అక్కడ పడమటి వైపు 200 కూడా దాటదు, అది కూడా ఒక ఏడు పడి ఒక ఏడు ఎగ్గొడుతుంది. సముద్రం మరీ దూరమేమీ కాదు కదా, ఎందుకిలా అంటే, అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలికి ఆరావళి కొండలు అడ్డంగా కాకుండా దాదాపు సమాంతరంగా ఉన్నాయి, గాలి వాటి పక్కనుంచి జారిపోతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తడిగాలి అక్కడికి చేరేసరికి దారంతా కురిసి ఖాళీ అయి ఉంటుంది. పైనుంచి కిందికి దిగే పొడిగాలి మబ్బును పెరగనివ్వదు.

తర్వాత ఉపగ్రహ చిత్రం తెరవండి. ఇస్రో వాళ్ల భువన్ చాలు, ఫోన్‌లో కాకుండా కాస్త పెద్ద స్క్రీన్ మీద చూడండి. జైసల్మేర్ ఊరి నుంచి పడమరకు మెల్లగా జరుపుకుంటూ పోతే ముందు ముదురు గోధుమ రంగు రాతినేల, తర్వాత దువ్వెనతో గీసినట్టు ఒకే దిక్కుకు సాగే చారలు కనిపిస్తాయి, అవి ఇసుక తిన్నెలు. మధ్యమధ్య తెల్లటి మచ్చలు ఉప్పు పేరుకున్న పల్లాలు, అక్కడ వాన నీళ్లు చేరి, బయటికి దారి లేక ఆవిరైపోయి ఉప్పును వదిలిపెడతాయి. ఉత్తరం వైపు నుంచి దిగివచ్చే పచ్చటి పట్టీ ఇందిరాగాంధీ కాలువ. ఈ నాలుగు రంగులు గుర్తుపట్టగలిగితే ప్రయాణంలో కిటికీ పక్క సీటు దండగ కాదు. వెళ్లే ప్రాంతం మ్యాపు ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దించుకోండి, సరిహద్దు వైపు సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మంచిది. రామగుండం ఎండలు చూసినవాళ్లం, మాకేం అనుకోవద్దు, అక్కడికి దగ్గర్లోని ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. చలికాలం రాత్రులు మాత్రం స్వెటర్, మఫ్లర్ లేకుండా గడవవు, ఎందుకంటే గాలిలో తేమ లేక పగటి వేడి పొద్దుగూకగానే పైకి పోతుంది. ఇంకో చిన్న విషయం, జైసల్మేర్ మనకు దాదాపు 9 రేఖాంశాలు పడమరన ఉంది, కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడమే మనకంటే అరగంట పైన ఆలస్యం. డిసెంబర్‌లో పొద్దున ఏడు దాటినా సూర్యుడు రాడు, డ్రైవర్‌తో టైమ్ మాట్లాడుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.

జోధ్‌పూర్ దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి జైసల్మేర్‌కు పగటిపూట రోడ్డు మీద పోండి. దాదాపు 285 కిలోమీటర్లు. రాత్రి బస్సు ఎక్కితే అసలు పాఠమే పోతుంది. జోధ్‌పూర్ కోట కింది ఎర్రటి రాయి అగ్నిపర్వతాల నాటిది, వయసు 75 కోట్ల ఏళ్ల దరిదాపు. పోఖ్రాన్ దాటి లాఠీ వైపు వస్తే ఇసుకరాయి మొదలవుతుంది, ఆ రాతి పొరల్లోనే అడుగున తియ్యటి నీళ్లు దొరుకుతాయి, అక్కడి చాందన్ బోరు ఆ ప్రాంతమంతటా పేరున్నది. జైసల్మేర్ చేరేసరికి పసుపుపచ్చ సున్నపురాయి, కోట మొత్తం దానితో కట్టిందే. ఆ రాయిలో సముద్రపు గవ్వల, శంఖుల గుర్తులు ఉంటాయి, అంటే ఈ ఎడారి జురాసిక్ కాలంలో సముద్రపు అడుగు. హోటల్ గోడను కూడా దగ్గరగా చూడండి, కొన్నిసార్లు అందులోనే కనిపిస్తాయి.

ఊరికి 17 కిలోమీటర్ల దూరంలో బార్మేర్ రోడ్డు మీద ఆకల్ శిలాజ వనం ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు, మీరు వదలకండి. 18 కోట్ల ఏళ్ల కిందటి చెట్ల మొద్దులు రాయిగా మారి అక్కడే పడి ఉన్నాయి. ఇక్కడ మనవాళ్లకు ఒక ప్రత్యేక సంబంధం ఉంది. మన గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే రాకాసిబల్లి, హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం నిలబెట్టారు, అది కూడా ఇంచుమించు ఆ కాలానిదే. ఇప్పుడు ఒకటి ఎడారి, ఒకటి అడవి అయినా అప్పట్లో రెండు చోట్లా పెద్ద చెట్లు పెరిగేంత తడి ఉండేది. పిల్లలతో వెళ్తే హైదరాబాద్‌లో ఆ బల్లిని ముందు చూపించి, తర్వాత ఆకల్ తీసుకుపోండి.

ఇసుక తిన్నెల దగ్గర దిక్సూచి తీయండి, ఫోన్‌లోది చాలు. థార్‌లో ఇసుకను మోసే గాలి ఏప్రిల్ నుంచి జూన్ దాకా నైరుతి నుంచి ఈశాన్యానికి వీస్తుంది. గాలి వచ్చే వైపు వాలు మెత్తగా ఉంటుంది, అవతలి వైపు ఇసుక జారిపడి ఏటవాలుగా 34 డిగ్రీల దాకా నిలబడుతుంది. చంద్రవంక ఆకారంలో ఉన్న తిన్నె కొమ్ములు గాలి పోయే వైపు చూస్తుంటే అది నడుస్తున్న తిన్నె. కొమ్ములు గాలి వచ్చే వైపు చూస్తూ, వాటి మీద పొదలు పట్టుకుని ఉంటే దాని అర్థం వేరు, చేతులను మొక్కలు కట్టేశాయి, నడుమ భాగం మాత్రం ముందుకు పోయింది. థార్‌లో ఈ రెండో రకం చాలా ఎక్కువ. సమ్ దగ్గర జనం ఎక్కువ, తొక్కని తిన్నె కావాలంటే ఖురీ వైపు పోయి పొద్దున్నే చూడండి, పొద్దెక్కితే కాళ్ల గుర్తుల్లో గాలి గీతలు చెరిగిపోతాయి.

ఇసుక అయిపోయింది, ఇక నీళ్ల దగ్గరికి రండి. నా దృష్టిలో మీ రోజుల్లో సగం దీనికే ఇవ్వాలి.

అక్కడివాళ్లు నీళ్లను మూడు రకాలుగా చూస్తారు. పైనుంచి పడి నేల మీద దొరికేది పాలర్ పానీ. పాతాళంలో బావి తవ్వితే దొరికేది పాతాళ పానీ, చాలా చోట్ల ఇది ఉప్పగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఇసుకలోనే తేమగా నిలిచి ఉండేది రేజాణీ పానీ. కొన్ని ఊళ్లలో ఇసుక కింద జిప్సం పట్టీ ఉంటుంది, వాన తేమను అది కిందికి దిగి ఉప్పునీళ్లలో కలవనివ్వదు. జనం ఆ పట్టీ దాకా సన్నటి బావి తవ్వుతారు, మనిషి ఒక్కడు దిగేంత వెడల్పు, దాన్ని కుయీ అనో బేరీ అనో అంటారు. చుట్టూ ఇసుకలోని తేమ చుక్కచుక్కగా ఊరి రోజుకు కొన్ని బిందెలవుతుంది. ఆ పట్టీ ఎంత గట్టిదో 2006 ఆగస్టులో బయటపడింది. బార్మేర్ జిల్లా కవాస్ ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే ఏళ్లకు సరిపడా వాన కొట్టి ఊరు మునిగితే, ఎడారి కదా ఇంకిపోతుందిలే అనుకున్న నీళ్లు నెలల తరబడి కదలలేదు.

జైసల్మేర్ చుట్టుపక్కల తప్పక చూడాల్సింది ఖడీన్. రాతి మెరక కింది పల్లంలో అడ్డంగా పోసిన మట్టికట్ట అది. రాతినేల మీద పడ్డ వాన జారి వచ్చి కట్ట వెనక నిలుస్తుంది, ఎక్కువైంది మత్తడి దూకిపోతుంది, చలికాలం నాటికి నీళ్లు ఇంకాక ఆ పదును మీదనే గోధుమ, శనగ వేస్తారు. మన దగ్గర చెరువు నీళ్లు తగ్గాక శిఖం భూమిలో పంట వేసినట్టే, కాకపోతే అక్కడ కట్ట కట్టేదే ఆ శిఖం కోసం. ఏటా నీళ్లు నిలవడంతో పైన చేరిన ఉప్పు కిందికి దిగిపోతుంది, ఒండ్రు పేరుకుంటుంది. ఈ పద్ధతిని 15వ శతాబ్దంలో పెంచి పోషించింది పాలీవాల్ బ్రాహ్మణులు, వాళ్లు వదిలి వెళ్లిన కుల్‌ధరా ఊరికి ఇప్పుడు జనం దయ్యాల కథలు వినడానికి పోతున్నారు. మీరు పోతే ఆ ఊరు ఏ పల్లం పక్కన ఉందో, వాన ఎటునుంచి వచ్చేదో చూడండి. అంత తక్కువ వానతో గోధుమ పండించినవాళ్ల తెలివి ఆ వాలులోనే ఉంది.

ఇళ్ల ముందు నేలలో గుండ్రంగా, మూతతో కనిపించేది టాంకా, దాని చుట్టూ చదును చేసిన వాలు నేల ఆగోర్. ఆగోర్ మీద చెప్పులతో అడుగు పెట్టకండి, ఆ ఇంటివాళ్లు తాగే నీళ్లు దాని మీదుగా వస్తాయి. పెద్దవాళ్లను కాకా సా అని పలకరించి, మన హిందీలోనే “పానీ మీఠా హై యా ఖారా?” అని అడగండి. నేలంతటి చరిత్ర చెబుతారు.

చెట్లు కూడా నీళ్ల జాడే చెబుతాయి. పొలాల్లో అక్కడక్కడ నిలబడి ఉండే ఖేజ్రీ మన జమ్మి చెట్టే. దసరాకు మనం ఆకు చేతుల్లో పెట్టుకునే ఆ చెట్టు తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షమే. దాని వేర్లు చాలా లోతుకు పోతాయి, కాబట్టి ఖేజ్రీ బాగా ఉన్న చోట అడుగున మట్టి, తేమ ఉన్నట్టు. లేత కాయలను ఎండబెట్టి సాంగ్రీ కూర చేస్తారు, తప్పక తినండి. తిన్నెల మీద ఫోగ్ పొద, ఇసుక మైదానంలో సేవణ్ గడ్డి, ఉప్పు నేలలో లాణా. సేవణ్ గడ్డి నేలల్లోనే బట్టమేక పిట్ట బతుకుతుంది, ఇప్పుడు చాలా కొద్దిగా మిగిలాయి, గాలిమరల కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నాయి. దూరంగా కనిపించినా వెంబడించకండి, బండి దిగకండి.

ఇక సరిహద్దు. జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్, అక్కడి నుంచి తనోట్, తిరిగి వచ్చేటప్పుడు లోంగేవాలా, ఒక పూర్తి రోజు పెట్టుకోండి. పెట్రోల్ రామ్‌గఢ్‌లోనే నింపుకోండి, నీళ్లు అనుకున్నదానికి రెట్టింపు. ఈ రేఖ ఏ నది వెంటా, ఏ కొండ వెంటా పోదు. దేశ విభజన గీత గీసిన రాడ్‌క్లిఫ్ పని పంజాబ్‌కు, సిల్హెట్‌తో కలిపి బెంగాల్‌ వైపుకు మాత్రమే. ఇక్కడ ఇటు జైసల్మేర్, బికనేర్, జోధ్‌పూర్ సంస్థానాలు, అటు బహావల్‌పూర్, ఖైర్‌పూర్ సంస్థానాలు, సింధ్, వాటి పాత హద్దే దేశాల హద్దయింది. అందుకే తిన్నెలు, గడ్డి, ఉప్పు పల్లాలు రెండు వైపులా ఒకటే. షాగఢ్ వైపు తిన్నెలు కంచెనే కప్పేస్తుంటాయి. లోంగేవాలాలో పట్టుబడిన ట్యాంకుల దగ్గర ఫొటోతో ఆగకుండా చుట్టూ ఇసుకలోకి నాలుగడుగులు వేసి చూడండి. 1971 డిసెంబర్ 5 తెల్లవారేసరికి శత్రు ట్యాంకులు ఆ ఇసుకలో కూరుకుని ఉంటే, జైసల్మేర్ నుంచి లేచిన హంటర్ విమానాలకు దొరికిపోయాయి.

తనోట్ దాకా మనవాళ్లకు పర్మిషన్ అవసరం లేదు, ఆధార్ మాత్రం వెంట ఉంచుకోండి. అక్కడి నుంచి సరిహద్దు రేఖ వైపు పోవాలంటే బీఎస్‌ఎఫ్ అనుమతి కావాలి, ముందే అడగండి, కాదంటే వాదించకండి. కంచెను, చౌకీలను ఫొటో తీయొద్దు, డ్రోన్ అసలు తీసుకుపోవద్దు. తెలియని దారి పట్టి బండి తిప్పొద్దు.

ఇంకో పూట ఉంటే మోహన్‌గఢ్ వైపు కాలువ చూడండి. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసే హరికే నుంచి ఫీడర్‌తో కలిపి 649 కిలోమీటర్లు వస్తుంది, మన కాకతీయ కాలువ 284. పచ్చదనం చూసి సంతోషమే కలుగుతుంది. కానీ పైకి పోతే హనుమాన్‌గఢ్ వైపు కొన్ని ఊళ్లలో నీళ్లు ఇంకక పొలాలు చౌడు పట్టాయి, కొన్ని చోట్ల కారణం అదే జిప్సం పట్టీ. కుయీకి నీళ్లిచ్చిన పొరే అక్కడ పొలాన్ని ముంచింది.

తిరుగు రైలుకు ముందు జోధ్‌పూర్‌లో కాజ్రీ అని అందరూ పిలిచే కేంద్ర ఎడారి పరిశోధనా సంస్థకు ఒక పూట కేటాయించండి, 1959 నుంచి తిన్నెలను కట్టడి చేయడం, సజ్జ, గోరుచిక్కుడు, రేగు లాంటి మెట్ట పంటల మీద పని చేస్తున్నారు. ఇది ఆఫీసు పనిదినాల్లోనే కుదురుతుంది, ముందు ఫోన్ చేసి అడిగి పోండి.